క్యాసెట్టు తిప్పేలోపు

మొదట వినబడేది ఆయప్ప గొంతు కాదు.
కుర్చీ లాగిన కిర్రు,
ఎవరో చంటిబిడ్డను ఊరుకోబెట్టడం,
కరెంటు పోయినప్పుడు హాలంతా ఒక్కసారిగా
"ఓ..." అనడం.

గుంతకల్లు, రైల్వే ఇన్‌స్టిట్యూటు.
తొంభై ఒకటి, మే నెల.
యుద్ధమప్పుడు కువైట్ నుంచి మా మామ
కాపాడుకొచ్చింది ఒకటే, టేపురికార్డరు.
అది నా ఒళ్లో.
ఎర్ర మీట నొక్కి
పదమూడేళ్ల నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నా.

ఫ్యాను రెక్కలు నిదానించి ఆగడం కూడా ఉంది,
చెవి పెడితే.
మైకు చచ్చిపోయింది.
"పోతే పోనీలేప్పా, రోంత దగ్గరికి జరగండి"
అంటాడు వన్నూరప్ప.
చాపల మీద జనం జరిగిన చప్పుడు
ఎండుటాకుల్లో మేకలు నడిచినట్టు.

తర్వాత గిటారు.
ఇంజన్ డ్రైవరు డెస్మండ్ దొర
బెంగుళూరికి సామాను ఎత్తేటప్పుడు ఇచ్చిపోయింది.
తెగిన తీగ జాగాలో సైకిలు బ్రేకు వైరు పోగు.
అది మోగినప్పుడల్లా శ్రుతి కొంచెం పక్కకు జారి
పాటకు ఇనుము వాసన వస్తుంది.
పగలంతా శెనక్కాయ మిల్లులో
గోతాలు కుట్టిన వేళ్లు అవి.

మొదటి పాట బోరుబావి మీద.
"ఆర్నూరు అడుగులు దిగి చూస్తే
అడుగున నా అప్పే కూసోనుండె"
అని ఒక చరణం. జనం నవ్వినారు.
అదే చరణం మళ్లీ, మెల్లగా పాడినాడు.
ఎవరూ నవ్వలేదు.
నవ్వకపోవడం కూడా టేపు మీద పడుతుందని
నాకు ఈమధ్యే తెలిసింది.

మూడో పాట నడుమ గూడ్సు వచ్చింది.
ఆయప్ప ఆగి, చక్రాల దెబ్బకు
గిటారు పొట్ట మీద బొటనవేలు కలిపి కొడుతూ
పెట్టెలు లెక్కపెట్టినాడు, పైకే.
"నలభై ఏడు" అన్నచోట
ముందు వరుసలోంచి ఒకామె
"నలభై ఎనిమిది!" అని దిద్దింది.
ఎవరో ఆమె.
ఒక్కోసారి ఆ ఒక్క మాట కోసమే
వెనక్కి పోతుంటాను.

స్టేషన్ రోడ్డు సెల్‌ఫోన్ అంగట్లో
ఇదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించిన పిల్లోడు తౌసీఫ్
"బండి మోత, దగ్గులు అన్నీ తీసేస్తా అన్నా,
గొంతొక్కటే అద్దమట్ల పెడతా" అన్నాడు.
వద్దన్నాను.
దగ్గింది మా నాయన.

రెండో పక్క చివరికి సెల్లులు నీరసించినాయి.
ఆరోజు టేపు మెల్లగా తిరిగింది గనక
ఈరోజు సరైన వేగంలో వింటే
పాటపాటకూ ఆయప్ప గొంతు సన్నబడుతుంది,
మీసం రాలిపోయి, నిక్కరు తొడుక్కుని,
ఆఖరి పాటకు బడి గంట విన్న పిల్లోడై ఉరుకుతాడు.
తౌసీఫ్ దాన్నీ సరిచేస్తానన్నాడు.
ఇంకా ఏం చెప్పలేదు నేను.

అదట్లుంచు.
ఈ పక్కకూ ఆ పక్కకూ నడుమ ఒక సందు ఉంది.
ఐదో పాట.
"వాన రాకుంటే రాకపోనీ, నువ్వు మాత్రం"
అన్నచోట టక్కుమని మొదటి పక్క అయిపోయింది.
మూత తెరిచి, తీసి, తిప్పి, పెట్టి,
ఎర్ర మీట.
పదిహేను క్షణాలు, అంతే.
రెండో పక్క మొదలయ్యేది చప్పట్లతో.

ఆ రాత్రి ఉన్నోళ్లను కనబడినప్పుడల్లా అడిగినా.
పాయింట్‌మన్ తిక్కస్వామి గడ్డం గోక్కుని
"బో పాడినాడులే" అన్నాడు.
టికెట్ల సుగుణమ్మకు వానే గుర్తుంది,
ఆరోజు పడని వాన.
వన్నూరప్పను అడుగుదామంటే
తోరణగల్లు గనులకు పోయినోడు
ఏ అడ్రసూ పెట్టిపోలేదు.

ఆయప్ప మోకాలికి ఆనుకుని కూర్చున్నోణ్ణి నేను.
హాలులో అందరికన్నా దగ్గర.
ఆ మాట నా నెత్తి మీదుగానే పోయుంటుంది.
నేను మీట చూస్తున్నా.
ఎంత బిరీన తిప్పినానో అని
ఇంటిదాకా మురిసిపోయినా.