మెలకువ గది

పాలలా ఉంటుంది మందు.
సిరంజిలో చూసి నవ్వుతారు కొందరు,
నిన్నంతా పస్తుంచి ఇప్పుడా పాలు అని.
నరంలో కాస్త మంటెత్తుతుందని
సూది పెట్టేటప్పుడే చెబుతాను.
చెప్పకపోతే, తర్వాత
ఆ మంటొక్కటే గుర్తుంటుంది వాళ్ళకి.

వాల్పరైసో కొండమీది ఈ ఆసుపత్రిలో
నిద్రపుచ్చడం డాక్టర్ ఇబకాచే పని.
పేగుల మలుపుల్లో దీపం పట్టుకు తిరగడం ఇంకొకరిది.
పద్దెనిమిదేళ్ళుగా నాది
మనిషి తిరిగొచ్చే చోట కుర్చీ వేసుకు కూర్చోవడం.

ఇవాళ నాలుగో మంచం: ఎలెయుతేరియో ఒయార్సూన్.
కొండ ఎక్కే రైలు నడిపినవాడు.
రెండు పెట్టెలు, ఒకే ఇనప తాడు,
ఒకటి దిగితే తప్ప ఇంకోటి ఎక్కదు.
"ముప్పై నాలుగేళ్ళు ఊరందర్నీ దించాను,
ఇవాళ నన్నెవరు దించుతారో చూడాలి" అన్నాడు లోపలికెళ్తూ.
చూడలేకపోయాడు.
వందనుంచి వెనక్కి లెక్కపెట్టమంటే
తొంభై ఆరు దగ్గర నోరు తెరుచుకునే ఉండిపోయిందట.

ఇంటికి తీసుకెళ్ళే మనిషి పేరు రాయాలి,
రాయకపోతే మందివ్వరు.
పొద్దున ఆ గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
పొరుగింటావిడ పేరు రాసి కొట్టేశాడు,
ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.
బాల్దొమేరో ఉల్యోవా, అని రాశాడు చివరికి.
ఏమవుతాడు అన్న చోట:
కింది స్టేషన్.

మొదట వేళ్ళొస్తాయి, ఆనక కనురెప్పలు,
మనిషి ఆఖర్న.
ఒకావిడ ఏడుస్తూ లేస్తుంది, ఎందుకో తనకీ తెలీదు.
ఒకాయన నన్ను పెళ్ళాడతానంటాడు,
టీ, రెండు బిస్కెట్లు అయ్యేసరికి
ఆ సంబంధం తప్పిపోతుంది.
గాలి వదలండి, సిగ్గుపడకండి అంటాను అందరితో.
జడ్జీలు కూడా వదిలారిక్కడ.

కళ్ళు తెరిచి "మొదలెట్టారా?" అన్నాడు ఎలెయుతేరియో.
అయిపోయింది, రెండు చిన్న పాలిప్‌లు తీశారు,
పరీక్షకి పంపారు.
తలూపాడు.
నాలుగు నిమిషాలకి మళ్ళీ, "మొదలెట్టారా?"
మళ్ళీ చెప్పాను.
మూడోసారి జవాబు నాది కాదు.
మంచం పక్కన, టోపీ చేతుల్లో నలుపుతూ,
"అయిపోయిందిరా. రెండు తీశారట."

పదకొండేళ్ళుగా
వాళ్ళిద్దరి మధ్య మాట్లాడింది గంటొక్కటే.
ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే లాగు.
సమ్మెలో ఎవరు ముందు పనిలోకెళ్ళారన్నది తగువు.
బాల్దొమేరోనే చెప్పాడు, వరండాలో,
నేనడక్కుండానే.

మత్తు పూర్తిగా దిగకముందు
ఎలెయుతేరియో ఇంకో మాటన్నాడు, మెల్లగా, గోడవైపు తిరిగి.
బాల్దొమేరో విన్నాడు.
నేను రక్తపోటు రాసుకుంటున్నాను,
వినలేదనే అనుకోండి.

కాగితం చదివి వినిపించాను.
రేపటిదాకా బండి నడపొద్దు. యంత్రం ముట్టొద్దు.
మద్యం వద్దు. సంతకాలు వద్దు.
"మాట్లాడుకోవచ్చా?" అన్నాడు బాల్దొమేరో.
కాగితంలో దాని ఊసు లేదన్నాను.

వెళ్ళారు, ఓడ దిగినవాళ్ళలా
ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని.
తానేమన్నాడో ఎలెయుతేరియోకి రేపూ గుర్తుండదు,
ఎల్లుండీ ఉండదు.
అది ఇక అవతలివాడి దగ్గరే ఉంటుంది,
ఇస్తాడో, దాచుకుంటాడో.

దుప్పటి మార్చాలి.
ఐదో మంచంలో వేళ్ళు కదులుతున్నాయి.