ఏడో గడి

నా సంచిలో ఐసుపెట్టె, చిన్న చిన్న సీసాలు.
నీలం మూతలు నీళ్లకి, ఎర్ర మూతలు నెత్తురుకి.
ఈసారి కొత్తగా పచ్చమూతలిచ్చారు.
"వంటనూనె. ఇంటికి రెండు చెంచాలు చాలు"
అన్నారు పలాసలో.

నాలుగేళ్లుగా ఉద్దానం ఇసకదారుల్లో
కారణాన్ని వెతుకుతున్నాం
తప్పిపోయిన మేకని వెతికినట్టు.
ఒకరు బావిలోకి తొంగిచూస్తారు,
ఒకరు జీడితోటలో మందు కొట్టిన ఆకు తుంచుతారు,
బియ్యం ఒకరు, ఎండుచేప ఒకరు.
మేక అరుపు మాత్రం అన్ని వైపుల నుంచీ.

ఇప్పుడు నూనె వంతు. ఫారంలో ఏడో గడి.
పామాయిల్ ఒకటి, సన్‌ఫ్లవర్ రెండు,
వేరుశనగ మూడు, నువ్వులు నాలుగు, కలగలుపు ఐదు.

శిక్షణలో కుర్రడాక్టరు బోర్డు మీద గొలుసు గీశాడు,
అక్కడక్కడా జోడుగీతలు.
"జోడుగీత దగ్గర గొలుసు వంగుతుంది,
వంగినచోట గాలి వచ్చి కూర్చుంటుంది.
మేలో కీడో, ఇంకా తెలీదు."
ఇంకా తెలీదు అన్న మొదటి డాక్టరు అతనే.

నాకు గొలుసులు తెలీవు. మూకుడు అంచు తెలుసు.
పేకెట్టు నూనె అక్కడ పసుపుబంకలా ఆరిపోతే
బూడిదేసి కొబ్బరిపీచుతో తోమినా లొంగదు.
బారువలో మా మావయ్య పడవచెక్కకి పూసే నూనె కూడా అంతే,
గాలి తాగి తోలు కడుతుంది,
నీళ్లు చొరనివ్వదు.
పడవకి మంచి చేసింది మనిషికేం చేస్తుందో.

మడ్డు దమయంతి ఇల్లు పనసచెట్టు పక్కన.
జీడిపిక్కల జిడ్డుకి చేతులు నల్లబడి
వేలిముద్ర పడదు.
"నూనేటమ్మా, నూనె!
మా అత్త గానుగకాడికెల్లి నువ్వులాడించుకొచ్చీది.
అది తిన్నోలూ పోనారు.
పేకెట్టు తేలికన్నారు, గుండెకి మంచిదన్నారు, కొన్నాం.
ఇది తిన్నోలూ పోతన్నారు.
ఇపుడు మల్లీ గానుగే మంచిదని
సోంపేటలో సీసా అయిదొందలకమ్ముతన్నాడంట
ఆ తెలికలోల మనవడు.
ఏటి రాసుకుంతావో రాసుకో."

లోపల మంచం మీంచి ఆవిడ మొగుడు నవ్వాడు,
వారానికి రెండుసార్లు మిషనెక్కి వస్తున్న మనిషి.
"మా తాత నాకు దుర్యోధనుడని పేరెట్నాడు.
ఇరిగితే తొడలిరగాల గానీ
కిడ్నీలేటమ్మా?"

తిరుగుబస్సులో ఒక పచ్చమూత వదులైంది.
నూనె తాగిన ఫారం అద్దమైపోయింది.
వంటనూనె రకం అన్న గడిలోంచి
వెనకపేజీ గడి తేలింది, తిరగబడిన అక్షరాలతో:
ఐదేళ్లలో ఇంట్లో మరణాలు.
అంకె మీద అంకె సరిగ్గా కూర్చుంది.
కంచిలి దాకా నాకూ అనిపించింది
దొరికిందని.
తరవాత మరో కాగితం కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను.
వెలుతురుకి అడ్డం పెడితే
ఏ రెండు గడులైనా అలాగే కలుస్తాయి.

పాడైన శాంపిలు లెక్కలోకి రాదు, మళ్లీ వెళ్లు, అన్నారు.

పదకొండో రోజుకి గానీ కుదరలేదు.
మంచం బయట గోడకి నిలబెట్టి ఉంది,
నులక ఇంకా తడిగానే.
"అత్తా, నూనె ఉందా?"
అడిగాక చూశాను.
ఆవిడ లేవలేదు, మూలకి చెయ్యి చూపించింది.
నేల మీద ప్రమిద. పక్కన
మూల కత్తిరించిన పేకెట్టు, మీద పొద్దుతిరుగుడు పువ్వు.
లోపల రెండు చెంచాలుంటుంది.

పచ్చమూత తీశాను. మళ్లీ పెట్టేశాను.
ఏడో గడిలో రెండు అని వేశాను.

వత్తి కమురువాసన వేస్తుంటే
ఆవిడే లేచి
నల్లటి వేలితో ఎగదోసింది.