చేపల కాటా

కంపెనీ కాగితంలో పడవ బరువు ఏడు టన్నులు.
అది పుట్టిననాటి తూకం, అన్నాను నెరిడాతో,
అడుగు పలకలెత్తి చూపించు.
నాలుగొందల లీటర్ల నీళ్లు, డీజిలు,
యాభై మీటర్ల లంగరు గొలుసు,
బీన్సు డబ్బాలు, ఒక కుట్టుమిషను,
ఎవరికీ ఇవ్వబుద్ధికాని మూడు పెట్టెల పుస్తకాలు.
ఐదో వంతు కలిపి రాశాను.
ఆటోపైలట్‌కి మెదడు ఎవరైనా అమ్ముతారు,
చెయ్యే కొలిచి కొనాలి.

పద్నాలుగేళ్లు పిల్బరా గనుల్లో
ఇనుపరాయి తవ్వే యంత్రాలకి
నూనె గొట్టాలు మార్చినవాణ్ణి.
అక్కడ సిలిండరంటే నా నడుమంత లావు.
ఇక్కడ, ఫ్రీమాంటిల్ రేవులో,
చక్రం వెనక గూట్లో బోర్లా పడుకుని
మోచెయ్యంత దానికి చోటు వెతుకుతున్నాను,
నోట్లో టార్చిలైటు, చెవిలో చెమట.

మధ్యాహ్నం దాటాక నైరుతి గాలొస్తుంది.
దాన్నిక్కడ డాక్టరంటారు,
ఎండకి సొమ్మసిల్లిన ఊరిని లేపుతుందని.
ఆ డాక్టరు కోసమే ఆగి, తెరచాపలెత్తి వెళ్లాం.
అత్యవసరం టిల్లరుకి, మీటరు దూరంలో,
చేపల కాటా కొక్కెం తగిలించి లాగి పట్టాను.
పడవ ఒరిగింది. కింద ఎక్కడో కప్పు పగిలింది.
ఇరవై రెండు.
ముప్పై.
గాలి ఒక్క చరుపు చరిస్తే ముప్పై ఎనిమిది.
"యాభై అని రాసుకో" అంది నెరిడా,
ఎడమ భుజం నొక్కుకుంటూ.

గునపం పొడుగైతే రాయి తేలిక,
పొట్టిదైతే రాయిదే గెలుపు.
చుక్కాని ఇరుసుకి జానెడు దూరంలో
ఆ ముప్పై ఎనిమిదే నూట యాభై దాటుతుంది.
"అయితే పెద్దది పెట్టు, డబ్బు నాది."
పెద్ద సిలిండరుది పెద్ద కడుపు నెరిడా,
నిండాలంటే నూనె కావాలి, నూనెకి సమయం కావాలి,
అల వచ్చి వెళ్లిపోయాక తిరిగే చుక్కాని ఎందుకు?
ఈ కొస నుంచి ఆ కొసకి పన్నెండు సెకన్లు.
మించితే అది బలం కాదు, బద్ధకం.
పంపు కూడా పెంచుదామా,
తెల్లారేసరికి బ్యాటరీలు ఊడ్చి తాగేస్తుంది.

కాసేపు ఊరుకుంది.
నా కాగితంలో లేనిది అడిగింది:
"కరెంటు పోతే నన్ను వదులుతుందా అది?"
చిటికెన వేలంత వాల్వు చూపించాను.
ఇది తెరిస్తే నూనె తనలో తను తిరుగుతుంది,
చక్రం నీ చేతికొస్తుంది.
పదకొండుసార్లు తెరిచి మూసింది.
చివరి మూడూ కళ్లు మూసుకుని.

నలభై ఐదుకి లెక్క కట్టాను.
ఇద్దరికీ నచ్చలేదు.

సాయంత్రం జెట్టీ మీద ఒక కుర్రాడు
కాటా అడిగి తీసుకుని టైలర్ చేపని వేలాడదీశాడు.
ఎనిమిది వందల గ్రాములు.
"ఇంట్లో కిలో అని చెప్పనా?"
నెరిడా నా వైపు చూసింది.