మిగిలిన కాయ

మా నాయినకు లెక్కలు రావు.
జీవానికొక గచ్చకాయ,
గొంగడి మూలకు ముడి.
పొద్దుగూకంగ దొడ్డి నోట కూసొని
ఒక్కొక్క గొర్రె లోపలికి దూరుతుంటే
ఒక్కొక్క కాయ ఈ చేతిలకెళ్ళి ఆ చేతిలకు.
కాయ మిగిలిందంటే ఆ రాత్రి ఆయన బువ్వ ముట్టడు.

అంకీస కాడ గోదారి ఇసుకతేలిన ఏడు
మందను జిమలగట్ట దిక్కు తోలినం.
ఇప్పపూలు రాలే నెల.
జీవాల మూతులు కల్లు వాసన కొట్టేటివి,
కుక్క సుత తూలేది.

మూడోనాడు ఒక కాయ మిగిలింది.
ఎడమ చెవి కొస కోసిన పొట్టేలు.
ఆ కోత మా ఇంటి గుర్తు,
మా తాత కత్తి పెట్టిన కాడ్నే నాయిన పెడుతడు.

తెల్లారి నెత్తుటి చుక్కలెంట పోతే
వాగు మలుపుల లాల్సు కోవె.
విల్లు రాయికి ఆనిచ్చి
మోదుగాకులు పరిచి కూర పాలు పెడుతున్నడు.
పొట్టేలు తల పక్కకున్నది,
కోసిన చెవి మా దిక్కే.

నాయిన భుజం మీది గొడ్డలి చేతిలకు దిగింది.
నాకు పన్నెండేండ్లు. కుక్క మెడ పట్టుకున్న.

"అది మాది" అన్నడు నాయిన.

లాల్సు సగం మాడియా, సగం మరాఠీ,
అంగట్ల నేర్చిన నాలుగు తెలుగు ముక్కలు కలిపి చెప్పిండు:
"అడివిల నడిచింది. అడివి ఆకు తిన్నది.
నా బాణం తిన్నది.
ఇంక మీది ఏడ మిగిలింది?"

చెప్పి, మూడు ఆకులు మా ముందరికి జరిపిండు.
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది,
బొక్కలున్నది ఒకటి.
"నిన్ననే మీ జాడ చూసిన.
పెద్దాయన ఎడమ కాలు ఈడుస్తడు.
పిల్లగానికి చెప్పుల్లేవు.
కుక్కకు ఒక గోరు ఇరిగింది."

నాకు చెప్పుల్లేవని
అప్పటిదాకా ఎవలూ చెప్పలే, నేను సుత అనుకోలే.

నాయిన తిట్టలే, కొట్టలే.
ఉమ్మి, తిరిగి నడిచిండు.
ఎడమ కాలు ఈడుస్తున్నడని నాకు ఆ పొద్దే కనబడ్డది.
కుక్క తన పాలు తిన్నది.
నేను తిన్ననో లేదో చెప్ప.

మందను మళ్ళేసే నాటికి
దొడ్డి గుంజకు మూడు ఆకు పొట్లాలు యాలాడుతున్నయ్.
కణుజు కూర.
పెద్దది, చిన్నది, బొక్కలది.
"బాకీ తీర్చిండు" అన్నడు నాయిన, వండుమన్నడు.
బాకీ కాదేమో అని
ఇన్నేండ్లకు నాకనిపిస్తది.
ఆ రోజు లాల్సుకు కణుజు దొరికింది,
మేం జాడల ఉన్నం, అంతే.

మాపటికి మళ్ళ లెక్క.
గొర్రెలన్నీ దూరినంక
ఆ చేతిల ఒక కాయ మిగిలింది.
పారేస్తడనుకున్న.
ముడిల ఏసుకున్నడు.

అప్పటి సంది ప్రతి మాపూ ఒకటి మిగిలేది.
నాయిన దాన్ని ఒకపారి చూసి,
చేతులు కడుక్కొని
బువ్వకు కూసునేటోడు.