ఎడమ చెయ్యి

చీటీ మీద నాన్న సంతకం కావాలన్నారు.
నాన్న సముద్రంలో ఉన్నాడు,
బోటు శనివారానికి గానీ హార్బరుకి రాదు.
అమ్మ గంప దించి, చెయ్యి చీరకు తుడుచుకుని
బొటనవేలు నొక్కింది.
అందుకే నా చీటీకి కాస్త వంజరం వాసన.

పెదజాలరిపేట బడిలో, పదో తరగతి గదిలో
బల్లలన్నీ గోడకి నెట్టేశారు.
బోర్డు మీద సగం చెరిపిన త్రికోణం.
నీలం ఐసుపెట్టె పక్కన పెట్టుకుని
నర్సు కాసులమ్మ గారు అందరినీ అదే అడుగుతోంది:
"పొద్దున ఏటి తిన్నావు?
ఏటీ తినలేదా! ఎల్లి ఓ బిస్కట్టు తినొచ్చీ ముందు."

వరసలో పుకార్లు సూది కన్నా ముందే గుచ్చుతున్నాయి.
సూది జానెడుంటదంట.
బీ సెక్షన్‌లో ఎవరికో చెయ్యి పడిపోయిందంట.
బీ సెక్షన్ వాళ్ళు ఇంకా రానేలేదు.

నా ముందు గరికిన పోలరాజు.
వేసవంతా వల లాగినవాడు,
జెల్లముల్లు అరచేతిలో దిగితే
పళ్ళతో పీకి ఉమ్మేసినవాడు,
దూది తగలగానే గోడ రంగుకి మారిపోయాడు.
నవ్వబోయి ఆగాను.
తర్వాత నేనే కదా.
బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద పుస్తకాల సంచి పెట్టి
"మరేటవదు నాయినా, తల తిరిగింది భయానికి,
మందు ఇంకా సీసాలోనే ఉంది" అందావిడ.

నా వంతు.
స్పిరిట్ చల్లదనం.
"భుజం బిగబట్టకు. కిటికీలోంచి ఏటి కనబడతంది?"
"ఓడ."
"ఏ రంగు?"
ఎరుపు అనేలోపు అయిపోయింది.
గండుచీమ ఇంతకన్నా ఎక్కువసేపు కుడుతుంది.

అరగంట కదలొద్దన్నారు.
దద్దుర్లొచ్చినా ఆయాసమొచ్చినా
ఆవిడ కళ్ళ ముందే రావాలట, ఇంటికెళ్ళాక కాదట.
వరండాలో దూది నొక్కుకుని కూర్చున్నాం.
పోలరాజు చిక్కీ విరిచి సగమిచ్చాడు.
"నవ్వావా?"
"లేదు."
"నవ్వినా పర్లేదులే."

సాయంత్రానికి చెయ్యి బరువెక్కింది,
తడిసిన వల భుజాన వేసుకున్నట్టు.
ఒళ్ళు కాస్త వెచ్చన. జడ విప్పుకోలేకపోయాను.
అమ్మ విప్పుతూ విప్పుతూ
జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది,
రూపాయి బిళ్ళంత పాత మచ్చ.
"నన్ను మాయమ్మ ఎత్తుకెల్లి ఏయించింది.
నువ్వు నీ కాల్ల మీద ఎల్లావు."

కుడివైపు తిరిగి పడుకున్నాను.
శనివారానికి నొప్పి ఉండదన్నారు.
నాన్నకి చూపించడానికి
నా భుజమ్మీద ఏమీ మిగలదు.