నూట మూడు మెట్లు

ఓడ దిగగానే మా చొక్కాలకి నంబర్లు అతికించారు.
నాది పద్నాలుగు.
ఫొటో టూరు, మూడు గంటలు, నీళ్ల సీసా ఉచితం.
మా తోడికోడలు పైడెక్కు మీదే ఉండిపోయింది,
"ఆస్పత్రిలో తీసేవి చాలవా నీకు" అంటూ.

నిజమే.
పంతొమ్మిదేళ్లుగా టాంపాలో ఎక్స్‌రేలు తీస్తున్నాను.
చల్లటి పలకకి మనిషిని ఆనించి
అద్దం వెనక్కి వెళ్లి
ఊపిరి బిగబట్టండి, అంటాను.
మొహాలు గుర్తుండవు నాకు.
పక్కటెముకలు గుర్తుంటాయి.

షార్లట్ అమాలీ. జనవరి ఎండ.
అమెరికా జెండా, అమెరికా పోస్టాఫీసు,
బండి మాత్రం రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తుంది.
వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా
తక్కిన పదమూడు మందీ కెవ్వుమన్నారు.
నేనొక్కదాన్నే కుదురుగా కూర్చున్నాను,
చిన్నప్పటి బస్సులో కూర్చున్నట్టు.

గైడు లియాండర్ పెన్, డెబ్బై దాటినవాడు,
నంబరు చూడలేదు, పేరడిగాడు.
సుభాషిణి, అన్నాను.
అంటే?
మంచిగా మాట్లాడేది, అన్నాను, కాస్త సిగ్గుపడి.
"అయితే నీకు మొదటి పాఠం అక్కర్లేదు."

ఎందుకక్కర్లేదు!

తొంభైతొమ్మిది మెట్లని పేరు. లెక్కపెడితే నూట మూడు.
ఖాళీ ఓడలు ఒరిగిపోకుండా
డెన్మార్కు నుంచి బరువుకని వేసుకొచ్చిన ఇటుకలట.
సగం ఎక్కేసరికి ఒక గడపలో
ఒళ్లో చేట పెట్టుకుని ఒక పెద్దావిడ.
మంచి నీడ, మంచి చేతులు.
కెమెరా ఎత్తాను.
ఆవిడ చేట ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

లియాండర్ కోప్పడలేదు.
ఇక్కడ ముందు గుడ్ మార్నింగ్ చెప్తారు, అన్నాడు.
కొట్లో ఉప్పు కొనాలన్నా, దారి అడగాలన్నా,
కాలు విరిగి డాక్టరు దగ్గరికి కుంటుకుంటూ వెళ్లినా
ముందు అది. తర్వాతే ఏదైనా.

పేరులో ఉన్న మాట నోట్లో లేకపోయిందని
చెవుల దాకా వేడెక్కింది నాకు.

చెప్పాను.
చేట దిగింది.
చేటలో కందికాయలు.

ఊదా చారల పచ్చి కందికాయలు,
సముద్రం మధ్యలో, ఎవరో డేనిష్ వాళ్ల ఇటుకల మీద!
అడక్కుండానే మెట్టు మీద చతికిలబడి
ఒకటి తీసి బొటనవేలి గోరుతో చీల్చాను.
మిస్ ఇడాలియా నా మొహం చూడలేదు, గోరు చూసింది.
చూసి, ఇంకో గుప్పెడు నా వైపు తోసింది.
తను అన్నంలో వేస్తుందట, కొబ్బరిపాలు పోసి.
మేం వంకాయలో, అన్నాను.
వంకాయలోనా, అని చాలాసేపు ఆలోచించింది.

పైన మందారాన్ని పదమూడు కెమెరాలు చుట్టుముట్టాయి.
లియాండర్ గోడకి ఆనుకుని
పెద్ద తుఫాను సంగతి ఎత్తాడు.
అది వెళ్లిన తెల్లారి కొండ మీద ఒక్క ఆకు లేదట.
పచ్చటి కొండ కాలిన అట్టులా అయిందట.
ఇన్నాళ్లూ ఆకుల వెనక ఎవరి ఇళ్లున్నాయో,
ఎవరి గోడ ఎప్పుడో కూలిందో,
ఎవరు నీలం పరదా కింద సంసారం చేస్తున్నారో
అంతా బయటపడిందట.
"పుట్టింది ఇక్కడే. అయినా నాకు తెలీని ఇళ్లు."

ఫొటో తీశారా, అడిగాను.

"బట్టల్లేని మనిషిని తీస్తామా?"

నేను రోజూ తీస్తాను, అనబోయి
ఇంకో కాయ ఒలిచాను.

నాలుగున్నరకి ఓడ కూసింది.
రాత్రి క్యాబిన్లో చూసుకుంటే రెండొందల చిల్లర:
రేవు, ఎర్ర కోట, తోక తెగిన ఇగువానా.
మిస్ ఇడాలియా లేదు. ఎత్తనే లేదు కెమెరా.
మెడలో వేలాడుతుంటే మోచెయ్యి తగిలి
దానంతటదే తీసుకున్నది మాత్రం ఒకటి ఉంది:
సగం ఇటుక, పచ్చటి గీత,
మసగ్గా ఒక బొటనవేలు, ఆవిడదో నాదో.
డ్యూటీలో అయితే కింద రాసేదాన్ని,
పొజిషన్ తప్పు, మళ్లీ తీయాలి, అని.

తోడికోడలు భుజం మీంచి వంగి చూసింది.
"ఏంటిది, ఎముకా?"
కందికాయ, అన్నాను.
నమ్మలేదు.
గోరు చూపించాను.