మూడు రోజుల చేప

పామంజి అంకాలమ్మ కొట్లోకి రాదు.
మెట్టు కిందే గంప దించి
డిశ్చార్జి కాయితం చెయ్యి చాపి ఇస్తుంది.
నెల్లూరు పెద్దాసుపత్రి. స్టెంటు ఒకటి.
మందులు ఆరు. ఏడోది అడుగున,
డాక్టరు చేత్తో గిలికింది.
పోల్చుకోడానికి నాకే అర నిమిషం పట్టింది.

"చేపనూనె గోలీలు" అన్నాను.
నవ్వాగక మెట్టుమీద కూలబడింది.
"మా ఇంటాయనకా?
నలభై ఏళ్లు ఇస్కపల్లి రేవులో తడిసిన మనిషి.
ఆయన చొక్కా పిండితే వొచ్చేదేందబ్బయా మరి?"

స్ట్రిప్పు వెలుతురుకి పట్టి చూసింది.
ఏ చేపదంది.
డబ్బా తిప్పి చదివాను: కవళ్లు, కానాగంతలు, ఇంకేవో.
ఎంతంది.
చెప్పాను.
గంపలోకి ఒకసారి చూసుకుంది.
ఈ ఏడు కవళ్లు ఇసక ముట్టనే లేదంట.
పడవలోంచి కాటామీదికి, కాటామీంచి లారీలోకి,
పిండిమిల్లుకే పోయాయంట
కోళ్లకీ, రొయ్యల గుంటలకీ.

"పనిచేస్తదా?"

గోడమీద మందుల కంపెనీ క్యాలెండరు,
ఎర్రటి గుండె, దాన్నిండా ఎక్కిదిగే గీతలు.
మా నాయన ఇవే మింగాడు ఆరేళ్లు, రాత్రి అన్నం తిన్నాక.
ఏడో ఏడు ముసురులో ఒక తెల్లారుజామున
చెప్పులేసుకుంటా ఒరిగిపోయాడు.
డబ్బాలో పదకొండు మిగిలాయి.
ఇవి లేకుంటే మూడో ఏడే పోయుండేవాడేమో.
ఆ లెక్క ఏ కాటాకీ ఎక్కదు.
"డాక్టరు రాశాడు గదా" అన్నాను,
కొట్టువాడు అనాల్సిన మాట.

పది చాలంది. కత్తిరించి ఇచ్చాను.

నాలుగో రోజు ఆయనే వొచ్చాడు, నరసింగులు,
మా అల్లూరు బజారు పొడుగునా ఆగి ఆగి.
ఎనిమిది గోలీలు బల్లమీద పెట్టాడు.
ఒకటి మింగాడంట. రెండోది కొరికాడంట.
"ఇది మూడు రోజుల చేప, నాయనా.
ఐసు పెట్టలా. ఎండలో ఉన్నింది."

తేదీ చూపించాను. ఇంకా పద్నాలుగు నెలలుంది.
ఆయన తేదీని చూడలేదు, నన్ను చూశాడు,
మోసగాణ్ణి చూసినట్టు కాదు,
ముక్కు లేనివాణ్ణి చూసినట్టు.

డబ్బులు అడగలేదు.
మిగతా ఆరు మందులూ మళ్లీ కట్టించుకుని
గోలీలు బల్లమీదే వదిలేసి పోయాడు.

తలుపు ఓరగా వేసి
ఒకటి నేనూ కొరికాను.
చేదు. పాత రంగుడబ్బా మూత తీసినట్టు
గొంతు దాకా ఏదో.

మా నాయన ఎప్పుడూ కొరకలేదు.
చెంబు ఎత్తి, తల వెనక్కి వాల్చి,
గుటుక్కుమనిపించేవాడు.